ముందు వరుసలో నిద్ర

డిపోలో ఆయన్ని పెద్దముల్లు అంటారు. ఎదురుగా కాదు, వీపు వెనక. ఎదురుగా అయితే టైమ్ కీపరు గారు, చనువున్నవాళ్ళకి బాబాయ్. గడియారంలో చిన్నముల్లు కాస్త సర్దుకుపోతుందేమో గానీ పెద్దముల్లుకి ఆ గుణం లేదని డ్రైవర్ల అభిప్రాయం. ఆరూ పదికి కదలాల్సిన బస్సు ఆరూ పన్నెండుకి గేటు దగ్గరికొస్తే, గాజు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఆగమంటుంది.

"రెండు నిమిషాలు లేటు. కారణం?"

"టైర్లో గాలి తగ్గింది బాబాయ్. కొట్టించుకొచ్చా."

"నిన్న సాయంత్రం బండి పెట్టినప్పుడు చూసుకోలేదా?"

"నిన్న ఉంది బాబాయ్. గాలి కదా, చెప్పి పోదు."

ఆయన నవ్వడు. లాగ్ షీటులో చివరి గడి పేరు 'కారణం'. అందులో 'డ్రైవరు అశ్రద్ధ' అని గుండ్రటి అక్షరాలతో రాస్తాడు. ఇరవై ఏడేళ్ళుగా ఆ గడిని ఖాళీగా వదల్లేదు, అందులో అబద్ధం రాయలేదు. ఈ రెండిటికీ ఆయనకి గర్వం. గర్వం పాపం కనక ఆదివారం దాన్ని ప్రభువు పాదాల దగ్గర వదిలేస్తాడు, సోమవారం పొద్దున్నే వెళ్ళి తెచ్చుకుంటాడు.

ఆయన వెళ్ళే చర్చిలో సంఘ పెద్దల్లో ఒకాయన ప్రభువు సన్నిధికి చేరుకున్నాడు. ఖాళీ అయిన ఆ ఒక్క కుర్చీలో కూర్చోవడానికి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు టైమ్ కీపరు, రెండోవారు సిమెంటు కొట్టాయన. ఊరికే ఓట్లు పెడితే తగవులొస్తాయని పాస్టరు గారు ఒక ఫారం అచ్చు వేయించాడు. పైన 'అనుదినం ప్రభువు వెంట' అని ఉంది. కింద నలభై దినాలకి నలభై వరుసలు. ప్రార్థనకి ఒక గడి, వాక్య పఠనానికి ఒకటి, చేసిన మంచి పనికి ఒకటి, 'దేవునిలో విశ్రాంతి, పదిహేను నిమిషాలు' అని ఇంకొకటి. నలభయ్యో దినం ఆదివారం. ఆ రోజు ఇద్దరూ కుటుంబంతో ముందు వరుసలో కూర్చోవాలి. పిలవగానే లేచి వెళ్ళి సాక్ష్యం చెప్పాలి. ఆ తర్వాత సంఘం చేతులెత్తి ఒకరిని ఎన్నుకుంటుంది.

గడులున్న కాగితం చూడగానే టైమ్ కీపరుకి ప్రాణం లేచొచ్చింది. సిమెంటు కొట్టాయనకి కంఠం ఉంది, పలుకుబడి ఉంది. గడులు నింపడంలో మాత్రం తనతో ఎవడు తూగుతాడు?

రోజూ నాలుగింటికి లేచేవాడు. నాలుగున్నర దాకా ప్రార్థన. నాలుగున్నర నుంచి ముప్పావు దాకా విశ్రాంతి. ఆ పదిహేను నిమిషాలు ఆయన విశ్రమించడం చూస్తే ఎవరికైనా ఆయాసం వస్తుంది. వెన్ను బిగించి, పిడికిళ్ళు మూసి, మూడు నిమిషాలకోసారి ఒక కన్ను తెరిచి చేతి గడియారం వంక చూసేవాడు. మధ్యలో మనసు డిపో వైపు పోయిందంటే లెక్క మళ్ళీ ఒకటో నిమిషం నుంచి. సరిగ్గా ఆ వేళకే పక్క గదిలోంచి తల్లి పిలిచేది. తుంటి ఎముక విరిగి ఆవిడ మంచాన పడి రెండేళ్ళయింది. ఎముకే విరిగింది, నోరు భేషుగ్గా ఉంది.

"ఒరేయ్, పక్క తడిసిందిరా!"

"అమ్మా, నేను ప్రభువులో విశ్రమిస్తున్నాను," అనేవాడు కళ్ళు తెరవకుండా. "కోడల్ని పిలు."

"ప్రభువుకి మాత్రం అమ్మ లేదట్రా?"

దానికి ఫారంలో గడి లేదు. పొయ్యి తగ్గించి భార్య వెళ్ళేది. ఆయన ఒకటో నిమిషం నుంచి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

అన్నీ సక్రమంగా జరిగిపోతున్నాయి గానీ, ఫారం అడుగున సన్న అక్షరాల్లో ఒక ప్రశ్న ఉంది. 'ఇంటివారు సంఘానికి మాదిరిగా ఉన్నారా?' అక్కడొచ్చింది చిక్కు. ఆయన భార్య చర్చిలో నిద్రపోతుంది.

ఆ నిద్ర సంఘమంతా ఎరిగినదే. వెనక వరుస, గోడ పక్క కుర్చీ ఆవిడది. పాస్టరు గారు 'ప్రియులారా' అనేసరికి తల గోడకి ఆనుతుంది, చివరి 'ఆమేన్'కి లేస్తుంది. ఈ లోపల మైకు కీచుమన్నా, పాస్టరు గారు బల్ల గుద్దినా చలించదు. సిమెంటు కొట్టాయన ఈ సంగతి ఊరికే వదిలే మనిషి కాడు. ముప్పయ్యో దినం, గురువారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద, నలుగురూ వినేలా పలకరించాడు.

"వదిన గారిని చూసి నేర్చుకోవాలి అన్నయ్య గారూ! వాక్యం మొదలవగానే కళ్ళు మూసుకుని ధ్యానంలోకి వెళ్ళిపోతారు."

"ఆఁ... అవును."

"పోయిన ఆదివారం ధ్యానం కాస్త పైకి వినిపించింది లెండి."

నలుగురూ నవ్వారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని టైమ్ కీపరు తిన్నగా ఇంటికొచ్చాడు. భార్య మంచం అంచున కూర్చుని అత్తగారి గోళ్ళు తీస్తోంది.

"నువ్వు చర్చిలో ఎందుకు నిద్రపోతావు?"

"నిద్రొస్తుంది కాబట్టి."

"ఆ నిద్రేదో ఇంట్లో పోవచ్చుగా?"

"ఇంట్లో పిలుస్తారుగా."

"ఎవరు పిలుస్తారు?"

"నేను పిలుస్తాను," అంది తల్లి. "నేను ఊరుకుంటే నువ్వు పిలుస్తావు. చొక్కా ఏదీ, కళ్ళజోడు ఏదీ, నా బైబిలు ఎక్కడ పెట్టావూ అని. చంకలో పెట్టుకుని మరీ పిలుస్తావు."

"అక్కడైతే ఎవరూ పిలవరండీ," అంది భార్య. "ఫ్యానుంటుంది. పాస్టరు గారొక్కరే మాట్లాడతారు. అదీ నాతో కాదు."

"నీతోనే మాట్లాడేది! అది దేవుని మాట!"

"అవునా? ఏమంటున్నారు?"

"దేవునిలో విశ్రమించమంటున్నారు. నెల్రోజులుగా అదే వాక్యం."

ఆవిడ గోళ్ళ కత్తెర ఆపి ఆలోచించింది. "మరి నేను చేసేదీ అదేగా అండీ?"

ముసలావిడ నవ్వీ నవ్వీ తుంటి పట్టుకుంది. "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు. దానికి ఓ గోడ చాలురా అబ్బాయ్."

ఆయనకి కోపం రాలేదు. కోపం డ్రైవర్ల మీద పనిచేయదని ఏనాడో తెలుసుకున్నాడు. ఒక బస్సు రోజూ లేటవుతుంటే తిట్టి లాభం లేదు, పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ బస్సులోనే కూర్చుని, ఎక్కడ టైము పోతోందో రాసుకోవాలి. పోతున్న టైము పట్టుకుంటే ఆవిడ నిద్రకి ఇంట్లోనే ఓ గంట దొరుకుతుంది, ఆదివారం కళ్ళు తెరుచుకునుంటాయి. ముప్పై తొమ్మిదో దినం శనివారం. సెలవు పెట్టి, డిపో నుంచి తెచ్చిన ఖాళీ లాగ్ షీటు అట్టకి బిగించి, భార్య వెనక బయల్దేరాడు.

ఆవిడది ఆసుపత్రి లాండ్రీలో పని. ఇద్దరు మానేశాక ఆ ఇద్దరి పనీ ఈవిడ మీదే పడింది. ఆవిరి, బ్లీచింగ్ వాసన, నిలువెత్తు దుప్పట్ల గుట్టలు. ఆయన ఒక మూల స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ బల్ల దగ్గరున్న లావుపాటావిడ అడిగింది.

"ఎవరొదినా ఆయన? ఇన్స్పెక్టరా?"

"మా ఆయన. నా టైము రాస్తున్నారు."

"నిన్ను బస్సనుకుంటున్నాడేంటి?"

"అలవాటు."

"బస్సే నయం కదే తల్లీ! బస్సుకి రాత్రిపూట డిపోలో రెస్టుంటుంది."

లాండ్రీ అంతా ఘొల్లుమంది. ఆయన తల వంచుకుని రాసుకుంటూ పోయాడు. సాయంత్రానికి షీటు నిండింది. మూడూ నలభైకి లేవడం, అత్తగారి పక్క మార్చడం (ఇది ఆవిణ్ణి అడిగి రాసుకున్నాడు). తను నాలుగింటికి లేచి సంఘంలో ఎవరూ అంత పెందలాడే లేవరనుకునే వేళకి ఆవిడ లేచి ఇరవై నిమిషాలయిందన్నమాట. నాలుగూ ముప్పై రెండుకి రెండోసారి పక్క మార్చడం. పొయ్యి, నీళ్ళు, తన చొక్కా ఇస్త్రీ. ఆరింటి నుంచి నాలుగింటి దాకా లాండ్రీ. ఇంటికొచ్చాక అత్తగారి స్నానం, మందులు, తను విప్పిపడేసిన సాక్సులు. రోజు మొత్తంలో ఆవిడ కూర్చున్నది పదకొండు నిమిషాలు. అదీ మెషిను తిరిగేటప్పుడు, బోర్లించిన బుట్ట మీద.

చిక్కల్లా చివరి గడితో వచ్చింది. మూడూ నలభై పని ఆవిడ మీద పడటానికి కారణం? ఎప్పట్లాగే నిజమే రాశాడు. 'టైమ్ కీపరు నిద్ర.' నాలుగూ ముప్పై రెండు? 'టైమ్ కీపరు విశ్రాంతి.' రాశాక గానీ ఎవరి పేరు రాశాడో చూసుకోలేదు. లెక్కపెడితే తొమ్మిది చోట్ల ఉంది. డిపోలో ఒకే డ్రైవరు పేరు ఒక షీటులో మూడుసార్లు కనిపిస్తే సంజాయిషీ అడుగుతాడు.

అయితే ఒక్క కాగితంతో మనిషి మారిపోతే ఇక పాస్టర్లకి పనేముంది? టైమ్ కీపరు షీటు మడిచి బైబిల్లో దూర్చి, ఒక రాజీకి వచ్చాడు. ముందు పెద్దరికం రానీ. ఆ తర్వాత ఈ సంగతి తీరిగ్గా చూద్దాం. రేపటికి ఆవిడ మెలకువగా ఉంటే చాలు. గుప్పెడు లవంగాలు పొట్లం కట్టి భార్య చేతిలో పెట్టాడు.

"నిద్రొచ్చినప్పుడల్లా ఒకటి నములు. అయినా ఆగకపోతే నేను మోచేత్తో పొడుస్తాను."

"మీకంత ముఖ్యమైతే మేలుకునే ఉంటాలెండి," అంది ఆవిడ. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆయన వెతికాడు. లేదు. ఉంటే బాగుండునని తర్వాత అనిపించింది.

ఆదివారం తల్లి దగ్గర పొరుగావిడని కూర్చోబెట్టి ఇద్దరూ చర్చికి వెళ్ళారు. ముందు వరుసలో ఇటు వీళ్ళు, అటు భార్యాబిడ్డలతో సిమెంటు కొట్టాయన. పాస్టరు గారు విశ్రాంతిని గురించి గంటంబావు అరిచాడు. చెమటలు కారాయి, గొంతు బొంగురుపోయింది, బల్ల రెండుసార్లు గుద్దాడు. 'మీ భారం దించుకోండి' అని ఆయన అన్నప్పుడల్లా వెనక ఎవరో ఉలిక్కిపడి సంచీ కింద పెట్టుకుంటున్నారు.

భార్య మూడు లవంగాలు నమిలింది. తన చెయ్యి తనే గిల్లుకుంది. వాక్యం మొదలైన గంటా ఏడో నిమిషంలో తల మెల్లగా పక్కకి వాలింది. ఇక్కడ గోడ లేదు. ఆయన ఎడమ భుజం ఉంది.

ఆయన మోచెయ్యి సిద్ధం చేశాడు. పొడవబోతూ కిందికి చూస్తే ఒళ్ళో ఆవిడ చేతులు కనిపించాయి. నీళ్ళలో నాని వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడున్నాయి. అవి నిద్రలో కూడా కదులుతున్నాయి, అంచుకి అంచు కలిపి దుప్పటి మడత పెడుతున్నట్టు. పెదవులు కదిలాయి.

"వస్తున్నా అత్తయ్యా..."

"నువ్వు పడుకో," అన్నాడాయన. అనేశాక తనే అటూ ఇటూ చూశాడు, ఎవరన్నారా అని.

తుఫానులో దోనె వెనక భాగాన తల వాల్చి నిద్రపోయిన ప్రభువు కథ ఆయనకి చిన్నప్పటి నుంచి తెలుసు. ఎప్పుడు విన్నా టైమ్ కీపరుది ప్రభువుని లేపిన శిష్యుల పక్షం. దోనె మునుగుతుంటే నిద్రేమిటి, డ్యూటీ లేదా అనుకునేవాడు. తన నలభై విశ్రాంతులూ ఆయన కళ్ళ ముందు తిరిగాయి. ఒక్కదాంట్లోనైనా మెడ ఇలా వాలిందా? మెడ ఇలా వాలాలంటే పక్కన ఎవరో ఉన్నారన్న నమ్మకం ఉండాలి. ఈవిడ గోడని నమ్మింది. పాపం, ఇవాళ తనని నమ్మింది.

మోచెయ్యి దించుకున్నాడు.

"ఇప్పుడు మన సహోదరుడు టైమ్ కీపరు గారు ముందుకొచ్చి, ఈ నలభై దినాలు ప్రభువు వెంట ఎలా నడిచారో సాక్ష్యం చెబుతారు!" పాస్టరు గారి గొంతు మైకులో మోగింది. "రండి సహోదరుడా!"

సంఘమంతా అటు తిరిగింది. జేబులో నలభై వరుసలూ నిండిన ఫారం ఉంది. లేచి అయిదడుగులు వేస్తే చాలు. లేస్తే తల జారుతుంది.

"రండి, లేవండి."

"లేవలేనండి."

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"ఆవిడ పడుకుంది."

వెనక నుంచి నవ్వులు మొదలయ్యాయి. పాస్టరు గారు మైకు మూసి, కిందికి వంగాడు. "లేపండి మరి!"

"ఇప్పుడే పడుకుందండీ," అన్నాడు ఆయన, మెల్లగా.

"మన సహోదరుడు హాస్యప్రియుడు," అని పాస్టరు గారు సంఘానికి తెలియజేశాడు. టైమ్ కీపరు నవ్వగా చూసినవాళ్ళు ఆ గదిలో ఒక్కరూ లేరు. సిమెంటు కొట్టాయన పిలిచేలోపే లేచి, దేవునిలో తను ఎంత నెమ్మదిగా ఉన్నాడో అరగంట సేపు రొప్పుతూ చెప్పాడు. తర్వాత చేతులెత్తమన్నారు. చేతులు లేచాయి. టైమ్ కీపరు కూడా సిమెంటు కొట్టాయనకే ఎత్తాడు, కుడిచెయ్యి. ఎడమది ఖాళీ లేదు.

ఆ రోజు ఆవిడ ఆమేన్‌కి కూడా లేవలేదు. జనం వెళ్ళిపోయి, కుర్చీలు సగం పేర్చాక కళ్ళు తెరిచింది. ముందు ఖాళీ గది చూసింది, తర్వాత మొగుణ్ణి చూసింది.

"అయ్యో! నిద్రపోయానా? పొడవలేదేం? మిమ్మల్ని పిలిచారా?"

"పిలిచారు."

"వెళ్ళారా?"

"లేదు."

"నా వల్లేనా?"

ఆయన కారణం చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. "లేవబుద్ధి కాలేదు," అన్నాడు.

"అత్తయ్యకి మందు వేళయింది, పదండి పదండి." ఆవిడ కంగారుగా చెప్పులు వెతుక్కుంటోంది.

"ఏ మందో, ఏ రంగో చెప్పు. నేను ముందు వెళ్ళి ఇస్తాను. నువ్వు నెమ్మదిగా రా."

ఆవిడ చెప్పులు వదిలేసి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టింది. అరచేత్తో ఒకసారి, చెయ్యి తిప్పి ఇంకోసారి.

"జ్వరమేం లేదే," అంది, నమ్మకం కుదరక.