అమాస్యాలో ఉస్మానియా ఇళ్లు

తార్నాకలో డీటీపీ చేసే ఇమ్మానుయేల్ మూసీ తప్ప మరో నది చూడలేదు. అయినా టర్కీలోని అమాస్యా అనే ఏటి ఒడ్డు ఊరు అతనికి కంఠస్థం. దాని మీద వైదేహి మేడం రాసిన పుస్తకాన్ని మూడుసార్లు టైపు కొట్టాడు మరి. ‘ఒట్టోమన్’ అన్న చోటల్లా మొదట ‘ఉస్మానియా’ అని కొట్టి తిట్లు తిన్నాడు. పాతికేళ్లుగా ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ రాతలు కొట్టిన వేళ్లకు ఆ మాటే అలవాటు. ఉర్దూలో ఒట్టోమన్‌ను అనేదీ అదే మాట, కానీ మేడంకు ఎవరు చెప్పాలి?

ఆమె ఆ ఊరు వెళ్లొచ్చిందని తెలిసి ఆశగా అడిగాడు.

“ఏటి పక్క చెక్క ఇండ్లు, కొండల్ల రాజుల సమాధులు ఎట్లున్నయి మేడం?”

“ఏమోనయ్యా, ఆ ఎండకు బస్సే దిగలేదు. ముందుమాటలో ఒక వాక్యం కలుపు. ‘ఆ ఊరిని కళ్లారా చూశాను.’”

కొట్టాడు.

ఈసారి ఒక్క తప్పూ లేదని మేడం మెచ్చుకుంది.