పొట్టి స్లాటు, పూజ చేసిన ఎస్ఎస్‌డీ

ఫిల్మ్‌నగర్‌లో కథ కుదరకపోయినా సినిమా మొదలవుతుంది, సెంటిమెంటు కుదరకపోతే మాత్రం టీ కూడా రాదు. మా డైరెక్టర్ గారి సెంటిమెంటు ఒక పాత లాప్‌టాప్. ఆయన మొదటి హిట్టు దాని మీదే ఎడిట్ అయింది కాబట్టి, కొత్త సినిమా కూడా దాని మీదే కావాలన్నారు. ఏళ్ల తరబడి అసిస్టెంటుగా ఉన్న నాకు ఎడిటర్‌గా అదే మొదటి అవకాశం. లాప్‌టాప్ మొరాయిస్తే పని పెద్ద స్టూడియోకి పోతుందని ముందే చెప్పారు.

అందులో చోటు నిండిపోయింది. లోపల ఇంకో ఎస్ఎస్‌డీకి, అంటే ఫైళ్లు దాచే డ్రైవుకి, స్లాటు ఖాళీగా ఉంది, ఒకటి కొంటే చాలన్నాను. ఏది కొనాలో చెప్పేలోపే ఆయన పంతులుగారిని అడిగి, మంచి ఘడియ చూసి, షాపులో అన్నిటికన్నా ఖరీదైనది తెప్పించేశారు. పసుపు కుంకుమలు పెట్టించుకుని, కొబ్బరి చిప్పతో పాటు నా టేబుల్ మీదికి వచ్చింది.

లాప్‌టాప్ అడుగు మూత విప్పి చూశాను. ఈ ఎస్ఎస్‌డీలు చూయింగ్‌గమ్ బిళ్ళల్లా ఉంటాయి గానీ, వాటిలోనూ పొడుగువీ పొట్టివీ ఉన్నాయి. వచ్చింది ఎనభై మిల్లీమీటర్లది. స్లాటు నలభై రెండుది, ఆ పైన బ్యాటరీ అడ్డం. కొంచెం నొక్కి చూడమన్నారు మా ప్రొడక్షన్ మేనేజర్ గారు. హీరోల డేట్లు సర్దినట్టు ఇదీ సర్దుకుంటుందని ఆయన నమ్మకం. చెప్పు చిన్నదని కాలు కోసుకుంటామా అని స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాను.

డైరెక్టర్ గారి ముఖం వాడిపోయింది. “పూజ జేసినదాన్ని పక్కన పెడితే మంచిగుండదమ్మా. గట్లయితే పని స్టూడియోకే ఇద్దాం.”

నాకు ఒళ్లు మండింది. “ముహూర్తం కావాలంటే మార్చుకోవచ్చండి, స్లాటు పొడవు మార్చలేం. సాయంత్రం దాకా నాకు వదిలేయండి,” అన్నాను.

మధురానగర్‌లో తెలిసిన షాపుకి వెళ్లాను. అక్కడా పొడుగుదే అంటగట్టబోయారు. నేను ఒప్పుకోలేదు. పొట్టిది తీయించి, స్కేలు పెట్టి కొలిచి, చివర ఉన్న గాటు మా స్లాటుకి సరిపోతుందని చూసుకునే కొన్నాను. తెచ్చి బిగిస్తే చక్కగా కూర్చుంది. పూజ చేసినదాన్ని విడిగా, డ్రైవుల కోసమే అమ్మే ఒక డబ్బాలో పెట్టి, కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపాను. కాపీలన్నీ అందులో దాస్తే దానికీ గౌరవమే.

లాప్‌టాప్ వెలిగింది, కొత్త డ్రైవు కనిపించింది. డైరెక్టర్ గారు అది చూసి, ఏ టైముకి బిగించావని అడిగారు. ఆయన వెనక నిలబడి మేనేజర్ గారు ఏదో ఒక మంచి ఘడియ చెప్పమని సైగలు చేస్తున్నారు.

“రాహుకాలంలోనండి,” అన్నాను.

డైరెక్టర్ గారు లాప్‌టాప్ మీద చెయ్యి వేశారు. అప్పుడు మాత్రం నాకు నిజంగా భయమేసింది. చివరికి లాప్‌టాప్‌ని నా వైపు తిప్పారు.

“ఇగ తప్పు దేవుని మీద, పంతులు మీద ఎయ్యనీకి లేదు. ఆగితే నిన్నే అంట. నడిస్తే గూడ సినిమాల నీ పేరే ఏస్త. కూసో.”

కూర్చున్నాను.