జాజ్ కుళ్లాయప్ప

రాప్తాడు వైపు జాజ్ అంటే ఏదో దేశపు సంగీతం కాదు, వాద్యం. సైడ్ డ్రమ్మూ, పెద్ద డ్రమ్మూ, పైన ఇత్తడి తాళమూ కలిపి ఒక్కడే కూర్చుని వాయించే సెట్టు. వాయించీ వాయించీ కుళ్లాయప్పకు అదే ఇంటిపేరైపోయింది.

ధర్మవరం పట్టుచీరల షావుకార్ల ఇళ్లలో పెళ్లయినా, బెళుగుప్పలో జాతరైనా, బ్యాండు రాప్తాడు నుంచి పోవాల్సిందే. వేరే జిల్లాల వాళ్లు మేళానికి ముందు గడ్డి మంటేసి తోలు కాచుకునేవాళ్లు. ఇక్కడ ఆ బాధ లేదు. గాలిలో తేమ ఉంటే కదా తోలు మెత్తబడేది! వాన ఎగ్గొట్టి ఈ జిల్లాలో ఎవరినైనా బాగుచేసిందంటే బ్యాండు వాళ్లనే.

ఆ బ్యాండుకు పెద్ద ఎర్రిస్వామి. ఊరేగింపుల్లో పెద్ద డ్రమ్ము అతనిదే. శెనక్కాయ చేలో కూలికి పోతున్న కుళ్లాయప్పను పట్టుకొచ్చి, చేతికి పుల్లలిచ్చి, తప్పు కొడితే అదే పుల్లతో వేళ్ల మీద ఒకటేసి నేర్పాడు. తర్వాత డీజే బాక్సులొచ్చి అందరి నోట్లో మట్టి కొట్టాయి. కొందరు బెంగళూరులో వాచ్‌మన్లయ్యారు. మిగిలింది ఎర్రిస్వామి, కుళ్లాయప్ప, క్లారినెట్ వీరప్ప. అప్పటికే కుళ్లాయప్ప చెవులు చాలావరకు పోయాయి. బతుకంతా ఇత్తడి తాళం పక్కన కూర్చుంటే ఏ చెవులు నిలుస్తాయి?

మొన్న బేస్తవారం ఎర్రిస్వామి చనిపోయాడు. కబురు తెలిశాక కుళ్లాయప్ప గొర్రెలకు నీళ్లు పెట్టాడు. చొక్కా మార్చుకున్నాడు. చావింటికి పోయి శవం కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఏడుపు రాలేదు. అందరూ ఏడుస్తుంటే తానొక్కడే పొడి కళ్లతో ఉన్నందుకు సిగ్గేసింది.

ఎర్రిస్వామి కొడుకు రాజేంద్ర డీజేకి ఫోను చేస్తున్నాడని వీరప్ప వచ్చి చెవిలో చెప్పాడు. కుళ్లాయప్ప లేచాడు.

"ఆ బాక్సులొద్దు రాజేంద్రా. మీ నాయన్ని నేను సాగనంపుతా."

రాజేంద్ర దగ్గరికొచ్చి గట్టిగా అన్నాడు. "నీకు చెవులు ఇనపడవు కదా చిన్నాయనా. ఆడ ఏమన్నా తప్పుపోతే?"

"నేర్చింది మీ నాయన దగ్గర. తప్పుపోను."

రాజేంద్ర తల గోక్కుని ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఏడవలేనివాడు కనీసం సక్రమంగా వాయించి గురువును శ్మశానం దాకా పంపాలి. కుళ్లాయప్పకు కావాల్సింది అంతే.

సైడ్ డ్రమ్ము మెడకు తగిలించుకుని పాడె ముందు నడిచాడు. పక్కన వీరప్ప క్లారినెట్. చేతులు బాగానే ఆడాయి. జనం గడపల్లోకి వచ్చి చూశారు. కుళ్లాయప్ప లోపల మాత్రం ఏమీ కదల్లేదు.

ఊరి బయట దింపుడు కళ్లం వచ్చింది. అక్కడ పాడె దించి, కొడుకు శవం చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే పలుకుతుందని ఆశ. పిలుపు వినపడాలి కాబట్టి మేళం ఆగిపోవాలి.

పాడె దించారు. వీరప్ప క్లారినెట్ నోటి నుంచి తీశాడు. రాజేంద్ర తండ్రి చెవి మీదికి వంగాడు. కుళ్లాయప్ప వాయిస్తూనే ఉన్నాడు. రాజేంద్ర పెదాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకున్నాడు. జనం చేతులూపారు. అదేమీ అతనికి పట్టలేదు. వీరప్ప వచ్చి మణికట్టు పట్టుకునేసరికి మూడు పిలుపులూ అయిపోయాయి. మళ్లీ పిలవకూడదు.

"యాడ చూస్తాండావప్పా? ఆపల్ల కదా," అన్నాడు వీరప్ప అతని చెవికి నోరు ఆనించి.

"అన్న ఇంకా పుల్ల ఎత్తలేదు."

ఎన్ని చావులకు వాయించినా కుళ్లాయప్ప ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడానికి పాడె వైపు చూసింది లేదు. పెద్ద డ్రమ్ము మీద నుంచి ఎర్రిస్వామి పుల్ల పైకి లేస్తే ఆపడం, కిందికి దిగితే మళ్లీ ఎత్తుకోవడం. ఇంతసేపూ జనంలో ఆ పుల్ల కోసమే వెతుకుతున్నాడు.

రాజేంద్ర లేచి అతని వైపు చూసి ఏదో అన్నాడు. అన్నీ చెవిలో చెప్పే వీరప్ప ఆ మాట మాత్రం చెప్పలేదు.

పాడె మళ్లీ భుజాలకెక్కింది. మోసేవాళ్లు మేళం కోసం కాసేపు ఆగారు. వీరప్ప క్లారినెట్ పెదాలకు ఆనించి ఎదురుచూశాడు. కుళ్లాయప్ప పుల్లలు డ్రమ్ము మీదే పెట్టుకుని నిలబడిపోయాడు. ఎత్తుకొమ్మని చెప్పేవాడు ఇక లేడని అప్పుడు తెలిసింది. పుల్లలు లేవలేదు. ఎర్రిస్వామి శ్మశానానికి మేళం లేకుండానే పోయాడు.