లాడ్ బజార్‌లో తడిసిన పరుపు

పరుపుకూ పరువుకూ ఒక్క అక్షరమే తేడా. పందొమ్మిదివందల యాభైలలో ఒక చలికాలపు మధ్యాహ్నం, లాడ్ బజార్‌లోని ఒక గాజుల దుకాణంలో ఆ రెండూ నా చేతుల మీదుగానే తడిసి ముద్దయ్యాయి. పరుపు మర్నాటికి ఎండిపోయిందట. రెండోది ఇంకా ఆరుతూనే ఉంది.

అప్పట్లో మేం సైదాబాద్‌లో అద్దెకుండేవాళ్లం. ఆఫీసు రికార్డుల్లో నేను గుమాస్తాని. అసలు ఉద్యోగం మాత్రం పగటి కలలు కనడం. మా ఆవిడ కమల రెండో కాన్పులో కొడుకును కని గదిలో బాలింతగా ఉంది. తోడుకు మా అత్తమ్మ వచ్చింది. బాలింతా పసివాడూ ఆవిడ వంతు. రెండేళ్లు నిండిన పెద్దది మున్ని, నా వంతు.

మున్నికి ఇల్లంతా ఒకటే. ఏ మూల నిలబడితే ఆ మూలే తడిసేది. సరే, దీనికో క్రమశిక్షణ నేర్పుదామని నడుం కట్టాను. రోజూ పొద్దున్నే పెరట్లో జామచెట్టు కిందికి ఎత్తుకెళ్లేవాడిని. పొగమంచులో పక్క తోటలన్నీ పాలలో ముంచినట్టుండేవి. దాన్ని చంకల కింద పట్టుకుని, నోటితో సన్నగా ‘స్‌స్‌స్‌స్’ అనేవాడిని. అది చెట్టు మీద చిలకలను చూస్తుండేది, నేను దాన్ని చూస్తుండేవాడిని, లోకం మెల్లగా తెల్లవారేది. మీరు నమ్మరుగానీ, నా జీవితంలో అంత ప్రశాంతమైన పొద్దులు మళ్లీ రాలేదు.

కొన్నాళ్లకు మంత్రం పారింది. నేను ‘స్‌స్‌’ అనడమే ఆలస్యం, ఎంత ఆటలో ఉన్నా సరే, పెద్ద దొరను చూసిన చప్రాసీలా లేచి నిలబడి పని కానిచ్చేది. ఆఫీసులో నా గొప్పలకు అంతు లేకుండా పోయింది. “నల్లా తిప్పినట్టే అనుకోండి!” అని చెప్పుకునేవాడిని. పిల్లలు గల గుమాస్తాలు ఇద్దరు ముగ్గురు నా దగ్గర సలహాలు కూడా తీసుకున్నారు. పాపం, వాళ్లు తర్వాత ఏమయ్యారో.

ఒక్క అత్తమ్మకే గురి కుదరలేదు. “అల్లుడా, ఇడుసుడైతే మంచిగనే నేర్పినవు. మరి ఆపుడు నేర్పినవా?” అని అడిగింది.

“అదెందుకు అత్తమ్మా?” అని నవ్వేశాను.

ఇంతలో పిల్లవాడి పురుడు వేడుక దగ్గరపడింది. ఆ రోజుకు అద్దాలు పొదిగిన పచ్చటి లక్క గాజులు కావాలని కమల ముచ్చట పడింది. నేను తెస్తానన్నాను. చెప్పులేసుకునేసరికి మున్ని వచ్చి నా కాలికి చుట్టుకుంది.

“తీస్కపోతే తీస్కపో, గని రెండు చెడ్డీలు సంచిల పెట్టుకో బిడ్డా,” అంది అత్తమ్మ.

“నా బిడ్డకు గవేం అక్కర్లే అత్తమ్మా. మీరు ఫికర్ చెయ్యకుండ్రి,” అన్నాను, పట్టాభిషేకానికి బయల్దేరే రాజులా.

రిక్షాలో మున్ని నా ఒళ్లో కూర్చుంది. చలికాలపు ఎండ పసుపు పట్టుచీరలా రోడ్డు మీద పరచుకుని ఉంది. చార్మినార్ కనబడగానే అది “అబ్బో!” అంది. అంత చిన్న నోట్లోంచి అంత పెద్ద మాట వచ్చినందుకు మురిసిపోయి, చెరుకు రసం తాగించాను. దాని గ్లాసు అయిపోయాక నా గ్లాసు కూడా అదే తాగేసింది. అప్పుడైనా నాకు లెక్క తట్టాలి కదా? తట్టలేదు. నేను చార్మినార్ మీద వాలుతున్న పావురాలను చూస్తున్నాను.

లాడ్ బజార్‌లోకి అడుగు పెడితే మామూలు మనిషికే మతి పోతుంది. ఇక నా సంగతి చెప్పాలా? రెండు వైపులా గాజులు, గాజుల మీద ఎండ, ఎండలోంచి రాలే రంగులు. ముసలి దుకాణదారు ఒకాయన, తెల్ల గడ్డం, తలమీద టోపీ, చెయ్యూపి పిలిచాడు. “ఆవో బాబూ, ఆవో! గుడియా రానీని కూడా తీస్కరా!”

లోపల పరుపు మీద మల్లెపువ్వులాంటి తెల్ల దుప్పటి పరిచి ఉంది. అప్పటికే ఒక ముసలమ్మ, పెళ్లి కావలసిన మనవరాలితో కూర్చుని ఉంది. తమ ముందు ఎర్ర ముఖమల్ పెట్టె తెరిచి పెళ్లి గాజుల జోళ్లు పేర్చుకుంటున్నారు. వెనకాల కుంపటి దగ్గర పనివాడు లక్క కరిగిస్తున్నాడు. మున్నిని పక్కన కూర్చోబెట్టుకుని పచ్చ గాజులు చూపించమన్నాను.

దుకాణదారు చాచా ఒక జోడు ఎత్తి ఎండకు పట్టాడు. అద్దాల మీద పడ్డ వెలుగు చిన్న చిన్న ముక్కలై వచ్చి మున్ని బుగ్గల మీద ఆడింది. నేను అలాగే ఉండిపోయాను. కళ్ల ముందే అది పెద్దదైపోయింది. పరికిణీ కట్టింది, జడ వేసుకుంది, ఇలాంటి దుకాణంలోనే నా పక్కన కూర్చుని ‘ఇవి వద్దు బాపూ, అవి’ అంటోంది. ఆ కలలో ఎక్కడో దూరంగా చల్లగా ఒక సెలయేరు పారుతున్న చప్పుడు కూడా వినిపించింది. ఆహా, ఎంత కమ్మగా ఉంది ఈ సెలయేరు అనుకున్నాను.

“అజీ బాబూ! బచ్చీకో దేఖో!” అని ముసలమ్మ కేక పెట్టింది.

చూశాను. కుంపటి దగ్గరి పనివాడు నేను కలలో ఉండగానే వేడి లక్క గాజును నీళ్ల గిన్నెలో ముంచాడు. అది ‘స్‌స్‌స్‌స్’ అంది. మున్ని లేచి నిలబడింది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తూ, మెచ్చుకుంటానేమోనని నా వైపే చూస్తోంది. సెలయేరు పరుపు మీదుగా ముఖమల్ పెట్టె వైపు వంపు తిరుగుతోంది.

ముసలమ్మ పెట్టెను చటుక్కున లాగి తలమీద పెట్టుకుంది. పెళ్లికూతురు గోడకు అతుక్కుపోయింది. నేను మున్నిని అమాంతం పైకెత్తాను. ఎత్తి ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ తిరిగాను. అంతదాకా ఒక వైపే తడిసిన దుకాణం నా పుణ్యమా అని నాలుగు వైపులా తడిసింది. బజారులో నీళ్లు చల్లే మనిషి కూడా అంత సమంగా చల్లడు.

నా కంగారుకు మున్ని బెదిరి ఏడుపు లంకించుకుంది. పాపం, మనుషులంతా మంచివాళ్లే. చాచా, పనివాడు, ముసలమ్మ, పెళ్లికూతురు, బయట నిలబడ్డ నలుగురూ ఒక్కసారే దాన్ని ఊరడించబోయారు.

“శ్‌శ్‌శ్! రోనా నక్కో బేటీ! శ్‌శ్‌శ్!”

“శ్‌శ్‌ అనకుండ్రి! మీకు దండం పెడ్త, ఎవ్వరు శ్‌శ్‌ అనకుండ్రి!” అని నేను అరిచాను.

ఇంతమంది ఒకేసారి ఆజ్ఞాపిస్తే పిల్ల మాత్రం ఏం చేస్తుంది? రెండో గ్లాసు చెరుకు రసం కూడా బయటికొచ్చింది, ఈసారి నా చొక్కా మీద.

చాచా నా మొహం చూసి జాలిపడ్డాడు. “బచ్చీ హై బాబూ, కుచ్ నై హోతా. పసీనా చూడు ఎట్ల కారుతుందో నీకు. అరే, బాబుకు సోడా కొట్టు భాయ్!” అని ఎదురు కొట్టుకు కేకేశాడు.

“సోడా నక్కో! చాచా, సోడా నక్కో!” అంటూ బజారు మధ్యకు ఉరికాను. చంకలో పిల్ల, తడిసిన చొక్కా, చేతిలో సోడావాడి మణికట్టు. వాడు బెదిరిపోయి, “తాగకుంటే తాగకు అన్నా, చెయ్యి ఇడువు!” అన్నాడు. గాజులు కొనే ఆడవాళ్లంతా కొనడం ఆపి నన్ను చూశారు.

చివరికి ఆదుకున్నది ఆ ముసలమ్మే. మున్నిని నా చేతుల్లోంచి లాక్కుని, వెనక నల్లా దగ్గర కడిగి, తడి గౌను విప్పేసింది. పెళ్లికి కొన్న జరీ అంచు దుపట్టా ఒకటి తీసి దాన్ని నిలువెల్లా చుట్టింది. మనవరాలు నవ్వు ఆపుకోలేక, పెట్టెలోంచి ఒక చిన్న గాజు తీసి దాని చేతికి తొడిగింది. దుపట్టా తిరిగి ఇస్తానంటే ముసలమ్మ ఒప్పుకోలేదు. “పెళ్లి ముంగట ఆడపిల్లకు ఇచ్చిన బట్ట. ఎట్ల తీస్కుంట? నువ్వు జర హోష్‌ల ఉండు బేటా,” అంది.

దారి పొడుగునా మున్ని జరీ ముసుగులో చిన్న బేగంలా నిద్రపోయింది. నేను మాత్రం గాజులు లేకుండా ఇంటికెళ్లి ఏం చెప్పాలా అని మంచి అబద్ధం ఒకటి అల్లుకున్నాను. ఎవరిదో పెళ్లి ఊరేగింపు, ఎవరో నవాబు గారి బేగం, మున్నిని చూసి ముచ్చటపడటం, అలా.

అత్తమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. దుపట్టాను చూసింది. నా చొక్కాను చూసింది. నవాబు గారు ఇంకా నా నోట్లోంచి గుర్రం దిగనేలేదు, ముందుకొచ్చి ఒక్కసారి వాసన చూసింది.

“బేగం సంగతి తర్వాత. ముందుగాల తానం చెయ్యి పో,” అంది.

లోపల కమల నవ్వడం మొదలుపెట్టింది. పక్క పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. “బాలింత గిట్ల నవ్వొద్దు బిడ్డా,” అంటూ అత్తమ్మ కూడా నవ్వింది. నేను నూతి దగ్గర చలికి వణుకుతూ ఆ నవ్వులు విన్నాను. ఇల్లంతా ఎక్కడో పైకి తేలిపోతున్నట్టుంది. నామీదే నవ్వుతున్నారని తెలిసినా, ఇంకాసేపు నవ్వితే బాగుండునని అనిపించింది.

పురుడయ్యాక పరుపు ఖరీదు ఇచ్చి వద్దామని, కమలనూ మున్నినీ తీసుకుని చాచా దుకాణానికి వెళ్లాను. దూరం నుంచే గుర్తుపట్టాడు. నిండుగా నవ్వి, కుడి చేత్తో “సలాం బాబూ!” అన్నాడు. ఎడమ చేత్తో పరుపు చుట్టేశాడు.

అక్కడే, చార్మినార్ నీడలో, నాలుగు మినార్లనూ సాక్షులుగా పెట్టుకుని ఒట్టు వేసుకున్నాను. ఈ జన్మలో పసిపిల్లలకు శిక్షణ ఇవ్వను. వాళ్లను వెంటబెట్టుకుని ఏ గాజుల కొట్టూ ఎక్కను.

ఆ ఒట్టు ఇంతవరకూ తప్పలేదు. తప్పడానికి కమల ఒక్క అవకాశమన్నా ఇస్తే కదా.