నవ్వుతున్నాననుకున్నారు

ఆ శుక్రవారం పొద్దున జొన్నరొట్టె ముక్క తినబోతే నోరు సగం కూడా తెరుచుకోలేదు. పంటి నొప్పి లేదు, వాపు లేదు. ఎవరో రెండు చెంపలూ అదిమి పట్టినట్టు దవడలు ఆగిపోయాయి. నా భార్య రాజవ్వ చలిగాలికి పట్టేసిందని నువ్వుల నూనె కాచి రాసింది. నా ధ్యాస దవడ మీద లేదు. ఆ సాయంత్రం కామారెడ్డిలో మాకు ఆట ఉంది.

అప్పటికి నేను ఎల్లారెడ్డి తహసీలు కచేరీలో గుమాస్తాను. ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లలు. నిజాం రాజ్యంలో శుక్రవారం సెలవు కనుక కచేరీ వాళ్లం, బడిపంతుళ్లు, బట్టల దుకాణాల వాళ్లం కలిసి ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. ఒకసారి కామారెడ్డి రైల్వేవాళ్లు మా ఊరికి వస్తే, ఇంకోసారి మేం బస్సెక్కి వాళ్ల స్టేషన్ దగ్గరి మైదానానికి పోయేవాళ్లం. పొట్టలు వచ్చినవాళ్లమే ఎక్కువ. గెలిస్తే వచ్చేదేమీ లేదు కానీ ఓడితే మళ్లీ ఆట దాకా బజారులో మాటలు పడాలి.

అంతకు ముందు అక్కడ ఆడినప్పుడు ఖాదర్ బూటు కింది మేకు నా కుడి పాదంలో దిగింది. ఖాదర్ రైల్వేలో సిగ్నళ్లు చూసే మనిషి, నాకు మంచి స్నేహితుడు. నేను వట్టికాళ్లతో ఆడేవాణ్ని. గాయం మినపగింజంత. కాస్త రక్తం వస్తే అక్కడి మట్టే అద్ది మళ్లీ పరుగెత్తాను. ఆ మైదానంలో టాంగా గుర్రాలను కట్టేసేవారు. ఆ మట్టితో ప్రమాదమని మాలో ఎవరికీ తెలియదు. గాయం మానింది. నేను దాన్ని మర్చిపోయాను.

బస్సు కామారెడ్డి చేరేసరికి మెడ బిగుసుకుంది. నీళ్లు గొంతు దిగలేదు. అయినా మైదానంలోకి దిగాను. విజిల్ ఊదారు. ఆ శబ్దానికి నా వీపు వెనక్కి వంగిపోయి వెల్లకిలా పడ్డాను. తలా మడమలూ నేలకు ఆని, నడుము గాల్లోకి లేచింది. పళ్లు బయటపడి మూతి చెవుల దాకా సాగింది. నేను కోతి చేష్టలు చేస్తున్నానని అంతా నవ్వారు. నాకు ఊపిరి ఆడటం లేదని చెప్పడానికి నోరు లేదు. ఖాదర్ దగ్గరికి వచ్చి నా కళ్లు చూశాడు. "నవ్వుత లేడు. పానం పోతున్నది," అన్నాడు.

తలుపు చెక్క మీద వేసుకుని దవాఖానాకు మోశారు. డాక్టరు వయసు మళ్లినవాడు, నెమ్మదైనవాడు. స్పాచులా అనే చదునైన బద్దను నా పళ్ల సందున దూర్చి గొంతుకు తాకించాడు. మామూలు మనిషి అయితే దాన్ని బయటికి నెట్టేస్తాడు. నా దవడలు దాన్ని గట్టిగా కొరికి పట్టుకున్నాయి. ఆ పరీక్ష చాలన్నాడు. ఎక్కడైనా గాయమైందా అని వెంట వచ్చినవాళ్లను అడిగి, పాదంలో మానిన మచ్చను తానే వెతికి పట్టి, "టెటనస్" అన్నాడు. ధనుర్వాతం. వాకిట్లో ఎవరో, ఇంటికి తీసుకుపోతే మంచిది, రేపటికి ఉండడు అన్నారు. డాక్టరు అటు తిరిగి, "ఆయనకు మైండ్ క్లియర్‌గ ఉంటది. మీరు అన్నది మొత్తం ఇంటున్నడు," అని మందలించాడు.

నిజమే. అంతా వింటూనే ఉన్నాను. ఒళ్లు వశం తప్పినా తెలివి మాత్రం తప్పలేదు. ఆ భయం శత్రువుకు కూడా వద్దు.

దానికి విరుగుడు మందు, యాంటీ టెటనస్ సీరం, అక్కడ లేదు. ఖాదర్ స్టేషన్‌కు పరుగెత్తి, సీరం పంపమని టెలిగ్రాం తంతి కొట్టించాడు. సికింద్రాబాదు నుంచి వచ్చే బండిలో గార్డు చేతికి ఇచ్చి పంపారు. డాక్టరు మానిన గాయాన్ని కోసి, లోపలి నుంచి తుప్పు పట్టిన ఇనుప రజను తీశాడు. ఇంజెక్షన్ ఇచ్చి, చీకటి గదిలో పడుకోబెట్టి, చెవుల్లో దూది పెట్టించాడు. ఏ చప్పుడైనా, ఏ స్పర్శైనా ఒళ్లు విల్లులా బిగదీసే స్పాజమ్ తెస్తుందన్నాడు. మా రెండు జట్ల వాళ్లూ వంతులు వేసుకుని వీధి రెండు కొనల్లో నిలబడి బండ్లను వేరే దారి పట్టించారు. ఒక పెళ్లి ఊరేగింపు వాళ్లు బ్రతిమాలించుకుని, మేళం ఆపి, నా గది ముందు నుంచి మూగగా నడిచిపోయారట.

రాజవ్వ పక్కనే కూర్చుంది, కానీ నన్ను ముట్టుకోకూడదు. ఒక పొద్దు తలుపు సందు వెలుతురులో ఆమె చేతులు కనిపించాయి. ఒక్క గాజు లేదు. డాక్టరు ఆశ వదులుకున్నాడు, ఈమెకు చెప్పేశారు, నాకే ఇంకా తెలియదు అనుకున్నాను. నా కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆమె నా చూపు ఎటు ఉందో చూసి చెవి దగ్గరికి వంగింది. "గాజుల సప్పుడుకు నీ నడుము ఇరుగుతున్నది. గందుకే తీసిన," అంది మెల్లగా. మొగుడు బతికుండగానే గాజులు తీసిందని బయట మా పెద్దమ్మ ఆమెకు శాపనార్థాలు పెడుతున్నదని తర్వాత తెలిసింది. రాజవ్వ ఆ మాట నాకు ఎన్నడూ చెప్పలేదు.

ఎప్పుడో ఆటలో మోచేయి తగిలి ఊడిన పన్ను సందులోంచి గొట్టంతో పాలు పోసేవారు. స్పాజమ్‌లు తగ్గి, గండం గడిచిందనుకున్న రోజే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, కీళ్లు వాచాయి, జ్వరం. మళ్లీ మొదలైందనుకున్నాను. "సీరం రియాక్షన్. గుర్రం రక్తంల కెల్లి తీస్తరు దాన్ని. తగ్గుతది," అన్నాడు డాక్టరు. తగ్గింది. కానీ లేచి నిలబడితే నడుము నిలవలేదు. స్పాజమ్‌ల బలానికి నా వెన్నులోనే ఒక వర్టిబ్రా, అంటే వెన్నుపూస, నలిగిపోయిందట. నా కండలే నా ఎముకను విరిచాయంటే నమ్మలేకపోయాను. ఇప్పటికీ నమ్మలేను.

ఎల్లారెడ్డికి వచ్చాక ఖాదర్ ఇంటికి వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. "నా మేకే కద అన్నా," అన్నాడు. తంతి కొట్టించిందీ నువ్వే కద, లోపలికి రా అన్నాను.

ఇప్పుడు కొంచెం వంగి నడుస్తాను. కచేరీ పని చేసుకుంటున్నాను. పరుగెత్తలేను కనుక శుక్రవారాలు గీత పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను, ఎవరినీ వట్టికాళ్లతో దిగనివ్వను. విజిల్ మోగినప్పుడల్లా మాత్రం ఒళ్లు ఒక్కసారి బిగుస్తుంది.

చదివేవారికి నేను చెప్పేది ఒకటే. రక్తం ఎంత కారిందని చూడకండి, ఏది ఎక్కడ గుచ్చుకుందో చూడండి. మట్టి, పేడ, బూడిద అద్దవద్దు. సబ్బు నీళ్లతో కడిగి, ఆ రోజే దవాఖానాకు పోయి సీరం అడగండి. నన్ను చావు దాకా తీసుకుపోయింది మానిపోయిన గాయమే.