చికిటి అవతలి లైను

లైను అంటే గీత అని బడిలో నేర్పారు. బరంపురం బడా బజారుకు వచ్చేసరికి ఆ గీతకు సంసారం పెరిగింది. రైలు పట్టాలు లైను. తంతి తీగ లైను. వరుసగా ఉన్న కొట్లు లైను. మా టోకు కొట్టులో మాత్రం లైనంటే, అమ్మ చిన్న గుడ్డల్లో ముడివేసి ఇచ్చిన చింతపండు, పసుపు మచ్చులు పట్టుకుని నాన్న ఎడ్లబండి మీద ఊళ్లు తిరగడం. ఊళ్లో కొట్టువాడు గుడ్డ ఉంచుకుంటే సరుకు కావాలని. ముడి విప్పకుండా తిరిగిస్తే అక్కర్లేదని. నోటికి శ్రమ లేని బేరం.

కొత్తగా ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, చికిటి ఊరి అవతల, మద్రాసుకూ మాకూ మధ్య, ఇంకో లైను గీశారు. మా దగ్గర సరుకు కొనే పాత కొట్లు సగం ఆ గీతకు అటువైపు పడ్డాయి. అక్కణ్ణుంచి గుడ్డలు ముడి విప్పకుండానే వెనక్కి రావడం మొదలైంది. అంతలో ఎద్దు నాన్న పాదం తొక్కి మంచాన పడేసింది.

"అయిపోనాదిరా! అవతల ఊళ్లు ఒగ్గేద్దాం. ఆ లైను ఇంకెవలికైనా ఇచ్చేద్దాం," అని పెదనాన్న నుదురు కొట్టుకున్నాడు. ఎద్దును కూడా సర్కారే పంపినట్టు.

మా ఇళ్లలో మరదలు బావగారితో నేరుగా మాట్లాడదు. అమ్మ తలుపు చాటునుంచి నాతో అంది, ఆయనకు వినబడేంత గట్టిగా.

"ఒరే, మీ పెదనాన్నతో సెప్పు. ఈ పాలి లైనుకి నానెల్తాను."

"ఆడమనిసి లైనుకెల్లడమేటని అడగరా మీ అమ్మని."

"ముళ్లేసింది నానే. ఆ ముళ్లు ఇప్పించడం కూడా తెలుసని సెప్పు."

నేను ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మధ్యలో తంతి స్తంభంలా నిలబడ్డాను.

మర్నాడే నన్ను ఎక్కించుకుని బయల్దేరిన అమ్మ, చికిటి దాటాక బండి ఆపించింది. "ఏదిరా ఆ లైను?"

చుట్టూ చూశాను. దారికి అడ్డంగా ఓ గేదె పడుకుని ఉంది. "తల ఒరిస్సాలో, తోక మద్రాసులో ఉన్నట్టుంది," అన్నాను. అమ్మ నవ్వలేదు. గేదెను లేపి రమ్మంది.

మొదటి కొట్టులో షావుకారు మచ్చు ముట్టనే లేదు. "అబ్బాయ్, మీది ఏరే రాజ్యం అయిపోనాది. సరుకు దారిలో ఆపేస్తారంటన్నారు. మీ అమ్మతో సెప్పు."

నేను తిరిగేలోగా అమ్మే అరుగెక్కింది. పరాయి మగవాడితో ఆమె మాట్లాడటం నేను చూడటం అదే మొదలు.

"మచ్చు వచ్చింది కదండీ, ఎవలాపేరు? సరుకు బండిమీద నానే కూకుని వస్తాను. ఆపినోల్లతో నాను మాటాడుకుంటాను. ముందు నోట్లో ఏసుకు సూడండి."

ఆయన చింతపండు చప్పరించాడు. ఒక కన్ను దానంతటదే మూసుకుంది. గుడ్డ మడిచి తక్కెడ కింద పెట్టుకున్నాడు.

తిరిగొచ్చేసరికి పెదనాన్న వీధి అరుగు మీదే ఉన్నాడు. "ఏటయిందని అడగరా."

నేను నోరు తెరిచాను. అమ్మ తలుపు చాటుకు వెళ్లలేదు. తలమీద కొంగు సర్దుకుని అక్కడే నిలబడింది.

"రెండు గుడ్డలు తిరిగొచ్చాయి బావగారూ. మిగతావన్నీ ఉంచీసుకున్నారు. సరుకెత్తించండి."

పెదనాన్న అలవాటుగా నావైపు తిరిగాడు. తర్వాత చెప్పులు వేసుకుని గోదాము తలుపు తీయడానికి వెళ్లాడు.

సరుకు బండిమీద, అన్నట్టుగానే, అమ్మే కూర్చుంది. దారిలో ఎవరూ ఆపలేదు. తంతి స్తంభానికి మాత్రం ఉద్యోగం పోయింది.