సముద్రం లేని ఊరి ఆకాశం

ఆబిడ్స్‌లో శుక్రవారం పొద్దున దుకాణాలు తెరిచే వేళకు ఒక ముసలాయన నిప్పుల గిన్నె పట్టుకుని, గడప గడపకూ ఊదు పొగ వేస్తూ తిరుగుతాడు. మందుల కోసం వెళ్లినప్పుడల్లా నేను కాసేపు ఆగి ఆ పొగను చూస్తాను. వెనక దుకాణం లోపలి చీకటి ఉన్నంతసేపు పొగ నీలంగా ఉంటుంది; అదే పొగ రోడ్డు మీది వెలుగుకు అడ్డం రాగానే మట్టి రంగుకు తిరుగుతుంది. ఈ తేడా నాకు మొదట చూపించింది మా అక్క సరోజ. ఆమె పోయి ఏడాది దాటింది.

మేము నాంపల్లి స్టేషన్ దగ్గరి ఒక గల్లీలో కిరాయికి ఉండేవాళ్లం. ఒకే వాకిలి, దాని చుట్టూ నాలుగు కుటుంబాలు. వానాకాలం పోతూ పోతూ గోడలకు వదిలిన పచ్చి వాసన, బతుకమ్మ రోజుల్లో అమ్మ రోట్లో దంచే నువ్వులూ బెల్లమూ, రంగు నీళ్లలో ముంచి తాడు మీద ఆరేసిన గునుగు పూల కట్టలు, వాటి కింద మేము ఆడే తొక్కుడుబిళ్ల, గన్‌ఫౌండ్రీలో గుమాస్తాగా పనిచేసే, మేము బాపు అని పిలిచే నాన్న ఆదివారం తన బూట్లను ఎండలో పెట్టి, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు పక్కనే కూర్చునే తీరు, ఇవన్నీ ఒకదాన్ని పట్టుకుని ఒకటి గుర్తుకొస్తాయి. వానలు వెలిసిన ఆ రోజుల్లో మిద్దె మీద వెల్లకిలా పడుకుంటే ఆకాశం కళ్లు గుంజేంత నీలంగా ఉండేది. గునుగు రంగు అంటిన వేళ్లను దానికి ఎదురుగా పెట్టి, ఈ రంగు మనం వేసింది, ఆ రంగు ఎక్కడిదని అక్క అడుగుతుండేది.

ఒక రోజు నానమ్మ తలంటుకుని, తడి జుట్టును ఊదు పొగ మీద ఆరబెట్టుకుంటోంది. అక్క ఆమె చుట్టూ తిరిగి, ఒకసారి చీకటి మూల వైపు నుంచి, ఒకసారి కిటికీ వైపు నుంచి పొగను చూసి నన్ను పిలిచింది.

"చూడు చిన్నీ, పొగ ఒక్కటే, రంగులు రెండు. ఎండ తాకి పక్కకు చెదిరింది నీలం. మీద మొగుల్ల గూడ గిట్లాంటి సన్నటిదేదో ఉన్నదే. మనకు కనవడ్తలేదు గంతే," అని కిటికీలోంచి ఆకాశాన్ని చూపించింది.

"మొగులు ముచ్చట తర్వాత," అంది నానమ్మ, "నా ఎంటికలు అంటుకుంటయి. గిన్నె జర అటు జరుపు."

ఆ వారమే అక్క వాళ్ల తొమ్మిదో తరగతిలో సైన్సు సార్, సముద్రపు నీడ పడి ఆకాశం నీలంగా కనిపిస్తుందని చెప్పాడు. అక్క లేచింది.

"మనకాడ సముద్రం ఏడుంది సార్? మూసీ నీడ వడితె మొగులు బురద రంగుండాలె గదా."

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వే ఆయన భరించలేకపోయాడు. అక్కను గంట కొట్టేదాకా బయట నిలబెట్టి, తాను చెప్పిందే నిజమని అందరి ముందూ ఒప్పుకుంటేనే రానిస్తానని ఇంటికి కబురు పంపాడు.

బాపు ఊళ్లో చదువు మధ్యలో వదిలేసి వచ్చినవాడు. పాఠం చెప్పే మనిషి తప్పు చెప్పగలడన్న ఆలోచనే ఆయనకు లేదు. "సార్‌కు ఎదురు చెప్పేంత పెద్దదానివైనవా? రేపు పోయి ఒప్పుకో. లేకుంటే బడి బంద్," అన్నాడు. అక్క అన్నం ముట్టలేదు. అమ్మ ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరింది. "ఒక్క మాటనే గద బిడ్డా. నువ్వన్నంత మాత్రాన మొగులు రంగేమన్న మారుతదా? అనేసి రా. చదువు దక్కుతది."

మర్నాడు నేను వరండా కిటికీ దగ్గర నిలబడి విన్నాను. సముద్రం వల్లనే, అని అక్క స్పష్టంగా చెప్పింది. సార్ కూర్చోమన్నాడు.

చదువు దక్కింది. కానీ అక్క మళ్లీ ఏ క్లాసులోనూ లేచి ఏదీ అడగలేదు. పది పాసయ్యాక సైన్సు వద్దంది, టైపు నేర్చుకుంది, పెళ్లయి కాచిగూడకు వెళ్లింది. నన్ను మాత్రం సైన్సు చదివించారు. నేను ప్రశ్నలు అడగని పిల్లనని అందరికీ నమ్మకం.

గాలిలోని అణువులు ఎండలోని ఎరుపు కన్నా నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయని, అందుకే పగలు తల ఎటు తిప్పినా నీలమే కనిపిస్తుందని డిగ్రీలో విన్న రోజున నేను నేరుగా కాచిగూడ వెళ్లాను. అక్క చాటలో బియ్యం ఏరుతోంది. నువ్వన్నదే నిజమని చెప్పాను.

"ఔనా," అంది. చెయ్యి ఆగలేదు. ఒక మట్టిబెడ్డను ఏరి పక్కన పడేసి, "బాపుకు చెప్పకే. పెద్దమనిషి బాధపడ్తడు," అంది.

బాపుకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి ఆయనా లేడు. మా వాకిలి ఉన్నచోట లాడ్జి లేచింది, బడి ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణాలు. రెండు భవనాల మధ్య మిగిలిన ఆకాశపు ముక్క పాలిపోయి ఉంటుంది. దుమ్ము పెరిగితే అన్ని రంగులూ కలిసి చెదిరి తెల్లబడుతుంది. అదీ ఆ పాఠంలోదే.

నేను ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరై, ఇప్పుడు చాదర్‌ఘాట్‌లో ఒక ట్యుటోరియల్‌లో చెబుతున్నాను. ఈ పాఠం వచ్చినప్పుడల్లా కావాలనే ముందు తప్పు చెబుతాను. మొన్న కూడా చెప్పాను, సముద్రపు నీడ అని. చెప్పి, కిటికీ పక్క బెంచీ దాకా ఒక్కొక్క ముఖమే చూస్తూ ఆగాను. అందరూ తలలు వంచి రాసుకుంటున్నారు. బోర్డు తుడిచి అసలు సంగతి రాశాను. దాన్నీ అట్లాగే రాసుకున్నారు.